‘కెమికల్’, ‘నేచురల్’, ‘మినరల్’ – మూడు గంపలూ తప్పే: మూలకాల అసలు కుటుంబాలను తెలుసుకుందాం



ఆరోగ్యం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం లోకంలోని పదార్థాలన్నిటినీ రెండు గంపల్లో వేస్తున్నాం. ఒక గంప పేరు ‘కెమికల్’. రెండవ గంప పేరు ‘నేచురల్’. మొదటి గంపలో ఉన్నది విషం, రెండవ గంపలో ఉన్నది అమృతం. బోరు నీరు భూమిలోంచి వచ్చింది గనుక నేచురల్, కుళాయి నీటికి క్లోరిన్ వాసన ఉంది గనుక కెమికల్. సైంధవ లవణం కొండల్లో పుట్టింది గనుక నేచురల్, అయోడిన్ కలిపిన ఉప్పు ప్యాకెట్లో వచ్చింది గనుక కెమికల్. ఈ మధ్య మూడవ గంప ఒకటి వచ్చి చేరింది. దాని పేరు ‘మినరల్స్’. అందులో ఏమున్నదో అమ్మేవారికి తెలియదు, కొనేవారికి తెలియదు. అయినా మంచిదని ఇద్దరూ నమ్ముతారు.

ఈ గంపల వర్గీకరణ అబద్ధమని, అది మన పళ్ళను, ఎముకలను, రక్తాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తున్నదని నా వాదన. పదార్థాలను వాటి గుణాలను బట్టి విడదీసే నిజమైన పద్ధతి 150 ఏళ్ళకు పైగా మన ముందున్నది. పదవ తరగతిలో దాన్ని చదివాం, పరీక్ష రాశాం, మరిచిపోయాం. అదే మూలకాల ఆవర్తన పట్టిక. దాన్ని రసాయన శాస్త్రజ్ఞుల సొంత ఆస్తిగా వదిలేయడం వల్ల మనకు ఏం నష్టం జరుగుతున్నదో చూడాలంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చాలు. పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న విడివడిన జిల్లాలివి. జనగామ రాళ్ళలో ఫ్లోరిన్ ఉంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల్లో ఇనుము ఉంది. భూపాలపల్లి గనుల్లో కార్బన్ ఉంది. మూడు నేలలు, మూడు మూలకాలు, మూడు పాఠాలు.

వర్గీకరణ ఎక్కడి నుంచి వచ్చింది?

1829లో జర్మనీకి చెందిన డాబరీనర్ కొన్ని మూలకాలు మూడేసి చొప్పున ఒకే గుణం చూపుతున్నాయని గమనించాడు. లిథియం, సోడియం, పొటాషియం ఒక త్రికం. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం మరొక త్రికం. క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఇంకొకటి. 1869లో రష్యాకు చెందిన మెండలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారం వరుసలో పేర్చి, ఒకే గుణం కలవి ఒకే నిలువు వరుసలోకి వచ్చేలా అమర్చాడు. అమరని చోట ఖాళీ వదిలాడు. ఆ ఖాళీల్లో రాబోయే మూలకాలకు మన సంస్కృతపు ‘ఏక’ శబ్దం చేర్చి ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని ముందే పేర్లు పెట్టాడు. 1875లో గాలియం, 1886లో జెర్మేనియం దొరికాయి; గుణాలు ఆయన చెప్పినట్టే ఉన్నాయి.

ఆయన చేసిన పనుల్లో వైద్యుడిగా నన్ను ఎక్కువగా ఆకర్షించేది వేరే ఉంది. అయోడిన్ కంటే టెల్లూరియం బరువైనది. బరువు ప్రకారమే అయితే టెల్లూరియం తరువాతి స్థానానికి వెళ్ళాలి. మెండలీవ్ బరువును పక్కన పెట్టి, గుణం చూసి, అయోడిన్‌ను క్లోరిన్, బ్రోమిన్‌ల కిందనే నిలబెట్టాడు. 1913లో మోస్లే పరమాణు సంఖ్యను కొలిచే మార్గం చూపాక ఆయన నిర్ణయం సరైనదని తేలింది. నేటి పట్టికలో 118 మూలకాలు, 18 గ్రూపులు. ఒక గ్రూపులోని మూలకాల పరమాణువులకు వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రాన్ల అమరిక సాధారణంగా ఒకే తీరుగా ఉంటుంది. అందుకే వాటి ప్రవర్తన కలుస్తుంది.

ఒంటికి కూడా ఈ బంధుత్వమే తెలుసు. మానసిక వ్యాధికి లిథియం మాత్రలు వాడే రోగి ఉప్పు బాగా తగ్గిస్తే, లేదా ఎండలో చెమటతో సోడియం కోల్పోతే, మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచుతూ దాని బంధువైన లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. రక్తంలో లిథియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. రేడియం, స్ట్రాన్షియం ఒంట్లో చేరితే ఎముకలోకి వెళ్ళి కూర్చుంటాయి. అవి కాల్షియం వరుసలోవి. ఎముక వాటిని తన కాల్షియంగానే భావిస్తుంది. ఏది ఫ్యాక్టరీలో పుట్టింది, ఏది కొండల్లో పుట్టింది అన్న విచారణ మూత్రపిండానికీ లేదు, ఎముకకూ లేదు.

జనగామ: ఒకే ఇంటిపేరు, మూడు స్వభావాలు

పట్టికలో 17వ గ్రూపు చూడండి. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. లవణాలను పుట్టిస్తాయి గనుక వీటికి హాలోజన్లని పేరు. మన ప్రజారోగ్యంలో ఈ కుటుంబానికి ఉన్నంత పాత్ర మరే కుటుంబానికీ లేదేమో. ఫ్లోరిన్ జనగామ ప్రాంతపు బోర్లలో ఉంది. క్లోరిన్ కుళాయి నీటిలో ఉంది. అయోడిన్ వంటింటి ఉప్పులో ఉంది. మన గంపల వర్గీకరణ ఈ ముగ్గురి విషయంలోనూ తలకిందులైంది.

ఫ్లోరైడ్‌ను ఏ ఫ్యాక్టరీ యజమానీ జనగామ బోర్లలో కలపలేదు. గ్రానైట్ వంటి రాళ్ళలోని ఖనిజాల నుంచి అది కరిగి భూగర్భ జలంలోకి వస్తుంది. పూర్తిగా ‘నేచురల్’. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. అంతకు మించితే మొదట దెబ్బతినేది పసిపిల్లల చిగుళ్ళ లోపల తయారవుతున్న పళ్ళు. సుమారు ఎనిమిదేళ్ళ లోపు వయసులో పంటిపై పడిన ఫ్లోరైడ్ మచ్చ జీవితాంతం పోదు. ఇంకా ఎక్కువ మోతాదు ఏళ్ళ తరబడి చేరితే ఎముకలు గట్టిపడి, కీళ్ళు బిగిసి, వెన్ను వంగుతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదటిసారి వైద్య పత్రికలో నివేదించినది కూడా తెలుగు నేల నుంచే, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతం నుంచి. జనగామకు పొరుగున ఉన్న పాత నల్లగొండ జిల్లా పేరు ఈ జబ్బుతోనే దేశమంతా తెలిసింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరైడ్ ప్రాంతాల యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు.

ఫ్లోరైడ్ ఎముకనే ఎందుకు వెతుక్కుంటుంది? దీనికి జవాబు కూడా పట్టికలోనే ఉంది. 2వ గ్రూపులోని కాల్షియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చే స్వభావం కలది. 17వ గ్రూపులోని ఫ్లోరిన్ ఒక ఎలక్ట్రాన్ కోసం ఆవురావురుమనే స్వభావం కలది. ఈ రెండూ కలిస్తే విడిపోవడం కష్టం. ఒంట్లోని ఫ్లోరైడ్‌లో 99 శాతం వరకు ఎముకల్లో, పళ్ళలో ఉండడానికి కారణం ఇదే. ఆహారంలో కాల్షియం చాలినంత ఉంటే అది పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. పాలు, రాగులు, నువ్వులు, మునగాకు తినని పేద ఇంట్లో అదే నీరు ఎక్కువ హాని చేస్తుంది. వ్యాధి నీటిలో ఉన్నా, దాని తీవ్రత కంచంలో కూడా నిర్ణయమవుతుంది.

ఇక క్లోరిన్. మిషన్ భగీరథ నీరు ఇంటి ముందుకు వస్తున్నా ‘బ్లీచింగ్ వాసన’ అని దాన్ని అంట్లు తోమడానికి వదిలి, తాగడానికి పాత బోరు నీటినో, కొనుక్కున్న క్యాన్ నీటినో వాడే ఇళ్ళు ఉన్నాయి. కుళాయి చివరన లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఆ స్వల్ప వాసన పైపులో కలరా, టైఫాయిడ్ క్రిములు బతకలేవన్న హామీ. నీటిని ఒక గంట మూత తీసి ఉంచితే వాసన తగ్గిపోతుంది. ఫ్లోరైడ్‌కు వాసన లేదు, రుచి లేదు, మరగబెట్టినా పోదు. నీరు ఆవిరైపోతున్న కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ముక్కుకు తెలిసే బంధువును తరిమేసి, ముక్కుకు తెలియని బంధువును ఇంట్లో కూర్చోబెట్టుకుంటున్నాం.

మూడవది అయోడిన్. 1956లో కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గొంతువాపును తగ్గించవచ్చని నిరూపించే అధ్యయనాన్ని మొదలుపెట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు. ఆ కృషి ఫలితంగానే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇంటికి చేరే ఉప్పులో పది లక్షల భాగాలకు 15 భాగాల అయోడిన్ ఉండాలి. గర్భంలోని శిశువు మెదడు ఎదుగుదలకు ఆ చిటికెడు అవసరం. నేడు చదువుకున్న కుటుంబాలు దాన్ని ‘కెమికల్ ఉప్పు’ అని వదిలి, నాలుగింతల ధర పెట్టి గులాబీ రంగు రాతి ఉప్పు కొంటున్నాయి. ఆ రాతి ఉప్పు కూడా సోడియం క్లోరైడే. విడిగా కలిపితే తప్ప అందులో చాలినంత అయోడిన్ ఉండదు. మన పెద్దలు ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నారు. ‘హిమాలయ’ అన్న పేరు చూసి థైరాయిడ్ గ్రంథి సంతోషించదు.

ఒక కుటుంబమని ఒకదాని స్థానంలో మరొకటి వాడవచ్చా? వాడకూడదు. 2025లో ఒక అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు ప్రచురితమైంది. వంటలో సోడియం క్లోరైడ్ మానేయాలనుకున్న 60 ఏళ్ళ వ్యక్తి కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను సంప్రదించిన తరువాత, దాని బదులు సోడియం బ్రోమైడ్ తెప్పించుకుని మూడు నెలలు తిన్నాడు. చివరికి భ్రమలతో, పక్కింటివారు విషం పెడుతున్నారన్న అనుమానంతో ఆసుపత్రిలో చేరాడు. క్లోరైడ్ స్థానంలో బ్రోమైడ్ ఒంట్లోకి సులువుగా చేరడానికి కారణం బంధుత్వం. చేరాక మెదడును చెడగొట్టడానికి కారణం స్వభావ భేదం. గ్రూపు తెలియడమంటే పోలికతో పాటు తేడా కూడా తెలియడం.

మన ఊళ్ళలో దీనికి దగ్గరి ఉదాహరణ ‘లో సోడియం’ ఉప్పు. అందులో సోడియంలో కొంత భాగం బదులు, అదే 1వ గ్రూపులోని పొటాషియం ఉంటుంది. రక్తపోటు ఉన్న చాలామందికి ఇది మేలు చేయవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పొటాషియాన్ని పెంచే కొన్ని రక్తపోటు మందులు వాడేవారికి అదే ఉప్పు గుండె లయను చెడగొట్టగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన సూచనల్లో కూడా మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని మినహాయించింది. దుకాణంలో ఆ ప్యాకెట్ అమ్మేవారు మీ క్రియాటినిన్ ఎంత అని అడగరు. మీరే మీ వైద్యుణ్ణి అడగాలి.

టీడీఎస్ మీటర్ అనే మాయ

గంపల వర్గీకరణకు యంత్రరూపం టీడీఎస్ మీటర్. అమ్మకందారు పెన్ను వంటి పరికరాన్ని మీ బిందెలో ముంచి 600 అని చూపిస్తాడు; తన యంత్రం నీటిలో ముంచి 40 అని చూపిస్తాడు. మీరు భయపడి కొంటారు. ఆ పరికరం కొలిచేది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. దాన్ని బట్టి కరిగిన లవణాల మొత్తం ఇంత ఉండవచ్చని అంకె చూపిస్తుంది. ఆ మొత్తంలో కాల్షియం ఎంత, సోడియం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది దానికి తెలియదు. సంతలో పశువులన్నిటినీ ఒకేసారి తూకం వేసి, ఆ బరువు చూసి ఏ గేదె పాలిస్తుందో చెప్పినట్టుంటుంది ఆ వ్యవహారం.

ఫ్లోరైడ్ విషయంలో ఈ అంకె పక్కదారి పట్టిస్తుంది కూడా. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కరగని లవణంగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరిగి ఉంటుంది. పప్పు ఉడకదని, సబ్బు నురగ రాదని మనం తిట్టే గట్టి నీటి కంటే, మెత్తగా తియ్యగా ఉన్న బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే సందర్భాలు ఇందుకే వస్తాయి. నాలుకా చెప్పదు, టీడీఎస్ మీటరూ చెప్పదు. ఫ్లోరైడ్ పరీక్ష ఒక్కటే చెబుతుంది.

మరొక ప్రదర్శన ఇంకా మోసపూరితమైనది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, లోహపు కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు పెడతారు. మీ ఇంటి నీటిలో గోధుమరంగు మడ్డి తేలుతుంది. వారి నీరు తేటగా ఉంటుంది. ‘చూశారా, మీరు తాగుతున్నది ఇదే’ అంటారు. ఆ మడ్డిలో అధిక భాగం మీ నీటిది కాదు. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఇనుప కడ్డీ కరిగి ఏర్పడిన ఇనుము హైడ్రాక్సైడ్ అది. లవణాలు తీసేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు గనుక మడ్డి రాదు. వారి నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ కరెంటు పెట్టమనండి. ప్రదర్శన అక్కడితో ముగుస్తుంది.

ఆర్ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను తగ్గించగలదు, అందులో సందేహం లేదు. అయితే పొర పాతబడ్డాక ఎంత తగ్గిస్తున్నదో కొలిస్తేనే తెలుస్తుంది. ఫ్లోరైడ్‌తో పాటు మనకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఫ్లోరైడ్ లేని నదీజలం ఇంటికి వస్తున్న చోట ఆ యంత్రం ఎందుకన్నది మొదటి ప్రశ్న. పటికనూ సున్నాన్నీ వాడి ఫ్లోరైడ్‌ను తొలగించే చవకైన పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టింది. మన జిల్లా పేరుతో ఆఫ్రికా దేశాల్లో కూడా తెలిసిన ఆ పద్ధతి మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

మహబూబాబాద్: గుట్టల్లో ఇనుము, రక్తంలో కరువు

బయ్యారం ఇనుప ఖనిజం గురించి అందరూ విన్నదే. అక్కడ ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాల పరిశీలన 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం వరకు ఎక్కింది. కర్మాగారం సంగతి రాజకీయ నాయకులు చూసుకుంటారు. నా ప్రశ్న రక్తం గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనులు. ఇనుప గుట్టల పక్కన కూడా ఈ కరువు ఎందుకు?

సోడియం ఎప్పుడూ ఒకే ఎలక్ట్రాన్ ఇస్తుంది, కాల్షియం రెండు ఇస్తుంది. ఇనుము పట్టిక మధ్యలోని పరివర్తన మూలకాల కుటుంబానిది. ఆ కుటుంబం ప్రత్యేకత రెండు మూడు రూపాల్లో ఉండగలగడం. రాతిలో, ఎర్రమట్టిలో, తుప్పులో ఉన్నది మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చిన ఇనుము. అది దాదాపు కరగదు. పేగు పీల్చుకోగలిగేది రెండు ఇచ్చిన ఇనుము. నిమ్మ, ఉసిరి, జామలలోని సి విటమిన్ మొదటిదాన్ని రెండవదిగా మారుస్తుంది. భోజనం కాగానే తాగే టీ ఇనుమును బంధించేస్తుంది. గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మింగితే ఇనుము ఒంటబట్టదు. అందుకే రెండింటి మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. ‘రెండూ బలం మాత్రలే కదా’ అని ఒక గుక్కలో మింగించడం కూడా గంపల వర్గీకరణే.

ఇంకొక ప్రమాదం ఉంది. ఇనుము కొరత ఉన్న బిడ్డ పేగు, దొరికిన కొద్దిపాటి ఇనుమునూ వదలకూడదని తలుపులు బార్లా తెరుస్తుంది. ఆ తలుపు రెండు ధనావేశాలున్న లోహ అయాన్ల కోసం. సీసం, కాడ్మియం కూడా అలాంటివే గనుక అదే దారిన లోపలికి వస్తాయి. రక్తహీనత ఉన్న పిల్లలు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటారు. సీసం మెదడు ఎదుగుదలను కుంగదీస్తుంది. పెచ్చులూడే పాత రంగులు, కొన్ని రకాల సుర్మా, లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు, పాత బ్యాటరీలు కరిగించే చోట్లు దీనికి మూలాలు. అంటే పిల్లలకు ఇనుము అందించడం రక్తం కోసమే అనుకోవద్దు. అది సీసానికి తలుపు వేయడం కూడా.

‘రక్తహీనత’ అన్న మాటను కూడా ఒకే గంపగా చూడకండి. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్, తలసేమియా వంటి వంశపారంపర్య రక్తవ్యాధులు ఉన్నాయి. వాటిలో ఇనుము మాత్రలు పరిష్కారం కావు. తలసేమియాలో ఒంట్లో ఇనుము పేరుకుపోయి గుండెకు, కాలేయానికి హాని కూడా జరుగుతుంది. మాత్రలు వాడినా రక్తం పెరగకపోతే పరీక్ష చేయించాలి.

భూపాలపల్లి: ఇద్దరు దాయాదులు

14వ గ్రూపులో మొదటిది కార్బన్, దాని కింద సిలికాన్, ఇంకా కింద సీసం. కార్బన్‌కు వెలుపలి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు, సిలికాన్‌కూ నాలుగే. రెండూ ఆక్సిజన్‌తో కలిసి డైఆక్సైడ్ అవుతాయి. అక్కడి నుంచి దారులు వేరు. కార్బన్ డైఆక్సైడ్ చిన్న అణువు, వాయువు. మనం ప్రతి నిమిషం ఊపిరితో వదిలేస్తున్నాం. సిలికాన్ డైఆక్సైడ్ జాలంలా అల్లుకుని గట్టిపడిన రాయి, అదే ఇసుక. చేల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం కొలిమిలో జరిగేది ఈ దాయాదుల పంపకమే. బొగ్గులోని కార్బన్ వాయువై పొగగొట్టం దారి పడుతుంది. సిలికాన్ ప్రధాన భాగంగా బూడిద మిగులుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద తరచు 30 నుంచి 40 శాతం.

గోదావరి లోయ బొగ్గు పొరలు ఇసుకరాతి పొరల మధ్య ఉంటాయి. డ్రిల్లింగ్‌లో, పేలుళ్ళలో బొగ్గు పొడితో పాటు సిలికా పొడి కూడా లేస్తుంది. రాళ్ళ క్రషర్లలో, గ్రానైట్ కోతలో లేచేది అధికంగా సిలికాయే. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి కనిపించని, మిల్లీమీటరులో రెండు వందవ వంతు కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల వరకు వెళతాయి. రక్షక కణాలు వాటిని మింగి, అరిగించలేక చనిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. ఇది సిలికోసిస్. పని మానేశాక కూడా ముదురుతుంది, మచ్చను చెరిపే మందు లేదు, క్షయ సోకే ముప్పును పెంచుతుంది. ఎన్నో చోట్ల దీన్ని కేవలం క్షయగా రాసి మందులిచ్చి పంపడం వల్ల కార్మికుడికి చట్టం ఇచ్చిన పరిహారపు హక్కు కూడా పోతున్నది. ఇది ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధి. అందుకే రోగి చెప్పవలసినది ‘దుమ్ములో పనిచేశాను’ అన్న మాట ఒక్కటే కాదు, ఏ రాతి దుమ్ములో ఎన్నేళ్ళు అన్నది. వైద్యుడు అడగవలసినదీ అదే. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఈ రేణువులను ఆపదు. తడిపి కోయడం, నీరు చల్లడం, తగిన మాస్కు ఇవ్వడం యజమాని బాధ్యత.

పట్టికను పాఠం నుంచి తీసేవారికి

2022లో పాఠ్యభారం తగ్గింపు పేరుతో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి తన పదవ తరగతి విజ్ఞానశాస్త్రం నుంచి మూలకాల ఆవర్తన వర్గీకరణ అధ్యాయాన్ని తొలగించింది. పదకొండవ తరగతిలో ఉంది గదా అన్నది సమర్థన. పదకొండులో సైన్స్ తీసుకునేవారెందరు? పదితో చదువు ఆగిపోయే పిల్లలే రేపు క్రషర్లో పనిచేస్తారు, బోరు నీరు తాగుతారు, అయోడిన్ లేని ఉప్పు కొంటారు. ఇంజినీరు కాబోయేవాడికి ఉంచి, కూలీ కాబోయేవాడికి తీసేస్తే, ఎవరికి ఎక్కువ అవసరమో వారి నుంచే తీసేసినట్టు. తెలంగాణ పదవ తరగతి పుస్తకంలో ఈ అధ్యాయం ఉండడం సంతోషం. కాని దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా, బట్టీ పట్టే వరుసగా మిగల్చడం ఇంకొక రకమైన తొలగింపే.

‘చదువు లేని రైతుకు పట్టికలెందుకు డాక్టర్ గారూ’ అనేవారున్నారు. ఎరువుల దుకాణంలో 14-35-14 బస్తా అడిగే రైతుకు ఆ అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ అని తెలుసు. నత్రజని, భాస్వరం రెండూ 15వ గ్రూపువే. అయినా యూరియా వేసి డీఏపీ వేసినంత ఫలితం వస్తుందని ఏ రైతూ అనుకోడు. పంటకు ఏది కావాలో మూలకం పేరుతో అడగగలిగిన మనిషి, తన బిడ్డ తాగే నీటిలో ఏముందో మూలకం పేరుతో అడగలేడా? అడగగలడు. అడగమని మనం చెప్పలేదు, అంతే.

మీరు చేయవలసినవి

1. తాగేది బోరు నీరయితే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంకెను కాగితం మీద అడిగి తీసుకోండి. టీడీఎస్ అంకె దీనికి బదులు కాదు.

2. కుళాయిలో నదీజలం వస్తుంటే తాగడానికి దాన్నే వాడండి. క్లోరిన్ వాసన వస్తే గంటసేపు ఉంచండి. అసలు వాసనే రాకపోతే పంచాయతీని ప్రశ్నించండి.

3. ఫ్లోరైడ్ ప్రాంతంలో పిల్లలకు పాలు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తప్పనిసరి. టీ ఆకులో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లలకు టీ మాన్పించండి.

4. అయోడిన్ ఉన్న ఉప్పే కొనండి, తక్కువగా వాడండి, మూతపెట్టిన డబ్బాలో ఉంచండి. మూత్రపిండాల జబ్బు ఉంటే ‘లో సోడియం’ ఉప్పు వైద్యుడు చెప్పనిదే వద్దు.

5. ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య రెండు గంటలు ఆగండి. భోజనానికి ముందు వెనుక గంటసేపు టీ వద్దు.

6. రాతి దుమ్ములో పనిచేసి దగ్గు, ఆయాసం ఉన్నవారు ఎక్స్‌రే తీయించుకుని, ఏ పని ఎన్నేళ్ళు చేశారో చీటీలో రాయించుకోండి.

7. ఉపాధ్యాయులకు నా విన్నపం: 17వ గ్రూపు పాఠం చెప్పే రోజున మీ ఊరి బోరు నీటి పరీక్ష కాగితాన్ని, ఉప్పు ప్యాకెట్‌ను, బ్లీచింగ్ పొడిని తరగతికి తీసుకురండి.

ఇకమీదట ఎవరైనా మీకు ‘ఇందులో కెమికల్స్ లేవు, మినరల్స్ ఉన్నాయి’ అని చెప్పి ఏదైనా అమ్మజూపితే ఒక్క ప్రశ్న అడగండి: ఏ మూలకం, ఏ రూపంలో, ఎంత? జవాబు చెప్పలేనివారి దగ్గర నీళ్ళు గాని, ఉప్పు గాని, మందు గాని కొనకండి.